డైరీకి ఉద్యాపన



ఏ పనికైనా మొదలు ఎలా పెట్టాలో మనకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్షరాభ్యాసానికి ముహూర్తం ఉంది, గృహప్రవేశానికి ముహూర్తం ఉంది. ఊరగాయ పెట్టడానికి కూడా మంచిరోజు చూసుకునే ఇళ్ళున్నాయి. కాని ఏళ్ళ తరబడి చేస్తూ వచ్చిన పనిని ఎప్పుడు ఆపాలి, ఎలా ఆపాలి, ఆపిన తర్వాత చేతిలో మిగిలినదాన్ని ఏం చెయ్యాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఒక్క నోముల విషయంలోనే పెద్దలు ఈ సంగతి ఆలోచించారు. శ్రావణ మంగళగౌరి నోము ఐదేళ్ళు పట్టామంటే చివర ఉద్యాపన చేసుకుంటాం. వాయనాలిచ్చి, పెద్దల చేత అక్షింతలు వేయించుకుని, ఇంతటితో నా నోము పూర్తయిందని చెప్పుకుంటాం. నోము మధ్యలో వదిలేసినట్టూ కాదు, జన్మంతా మోసినట్టూ కాదు. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి!

ఈరోజు నేను మీతో ముచ్చటించదలచుకున్నది అలాంటి ఉద్యాపన గురించే. అయితే అది నోముకు కాదు, డైరీకి. ఏళ్ళ తరబడి రోజూ రాసుకున్న సొంత రాతకు సెలవు చెప్పడం గురించి. “మేమెక్కడ డైరీలు రాశామమ్మా, మాకంత తీరికెక్కడిది” అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. ఒక్కసారి మీ వంటింటి అలమరలో పై అర వెతికి చూడండి. పాల లెక్క, ఇస్త్రీ బట్టల లెక్క, చీటీ కట్టిన తేదీలు రాసుకున్న పుస్తకాలు దొరుకుతాయి. ఆ పాల లెక్క పక్కనే ఎక్కడో “ఈరోజు అమ్మ బాగా జ్ఞాపకం వచ్చింది” అని ఒక్క ముక్క రాసుకుని ఉంటే చాలు, అది డైరీయే. మనలో చాలామంది తెలియకుండానే డైరీలు రాసినవాళ్ళమే.

నా సంగతి చెబుతాను. పలమనేరు పక్క పల్లెటూరి నుంచి 1985లో కోడలిగా తిరుపతికి వచ్చాను. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఒక ఇరుకు వీధిలో మా ఉమ్మడి కాపురం. ఇంటినిండా మనుషులే గాని మనసులో మాట చెప్పుకోవడానికి ఒక్కరూ లేరు. నోరు తెరిస్తే “పడమటి మాట” అని నవ్వేవాళ్ళు. ఆ సంవత్సరం చివర్లో మావారు దేవస్థానం డైరీ ఒకటి తెచ్చి, “లెక్కలు రాసుకో” అని నా చేతికిచ్చారు. 1986 జనవరి 1వ తేదీన మొదటి పేజీలో కూరగాయల ఖర్చు రాసి, దాని కింద మా అవ్వకు చెప్పుకోవలసిన నాలుగు మాటలు రాసుకున్నాను. అంతే, ఆ రోజు నుంచి రాత్రి తొమ్మిది గంటలకు అంట్లు కడిగి, పెరుగు తోడు పెట్టి, రాయడానికి కూర్చోవడం అలవాటైపోయింది. 2023 డిసెంబరు 31 దాకా రాశాను. మొత్తం 38 డైరీలు.

వాటిలో ఏముంది అంటే పెద్ద విశేషాలేమీ లేవు. కొళాయికి నీళ్ళు వచ్చిన రోజులు, రాని రోజులు, ట్యాంకరు దగ్గర బిందెలతో నిలుచున్న రోజులు. పిల్లలకు ఆటలమ్మ పోసిన తేదీలు. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర బాంబులు పేలినప్పుడు పిల్లలు ఇల్లు చేరేదాకా నేను గుమ్మంలో నిలబడ్డ సంగతి. 2020 మార్చిలో కొండమీద భక్తులకు దర్శనాలు ఆపేసినప్పుడు మా వీధి ఎంత నిశ్శబ్దంగా ఉండిందో. 2021 నవంబరులో కుండపోత వానలకు తిరుపతి వీధులు ఏరులై పారినప్పుడు బియ్యం డబ్బాలు మంచమ్మీదికి ఎక్కించిన సంగతి. చివరి డైరీల అట్టమీద ఇంటి చిరునామాలో “చిత్తూరు జిల్లా” పోయి “తిరుపతి జిల్లా” వచ్చింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడింది కదా.

మరి ఇన్నేళ్ళ అలవాటును ఎందుకు ఆపావని అడుగుతారు. చెయ్యి నొప్పి ఒక కారణమే గాని అసలు కారణం అది కాదు. మాట్లాడే తోడు లేక మొదలుపెట్టిన రాత అది. ఇప్పుడు నాకు తోడుకు కొదవ లేదు. మావారు ఉద్యోగ విరమణ చేసి ఇంటిపట్టునే ఉంటున్నారు. ఆయనకు కంటిచూపు మందగించింది. రాత్రి తొమ్మిది గంటలకు “ఆ పేపరు కాస్త చదివి వినిపించవూ” అని అడుగుతారు. ఎన్నాళ్ళని “ఉండండి, రాసుకుని వస్తా”నని చెప్పగలం? తీరిక లేని మనిషితో ఉన్నప్పుడు పుస్తకంతో మాట్లాడుకున్నాను. తీరిక దొరికిన మనిషి ఎదురుగా కూర్చుంటే ఇంకా పుస్తకంతోనే మాట్లాడడం బాగుంటుందా, మీరే చెప్పండి.

ఏళ్ళ తరబడి రోజూ రాసిన పెద్దల సంగతి కొంచెం తలుచుకుందాం. వాళ్ళ రాత ఎలా ముగిసిందో చూస్తే మనకు ధైర్యం వస్తుంది.

తిరుపతివాళ్ళకు ముందుగా గుర్తు రావలసినవారు తాళ్ళపాక అన్నమాచార్యులవారు. ఆయన 1424 నుంచి 1503లో స్వామిలో ఐక్యమయ్యేదాకా సంకీర్తనలు చెప్పారని రాగిరేకుల మీద రాసి ఉంది. అంటే 79 ఏళ్ళు! రోజుకొక్కటి తక్కువ కాకుండా 32 వేలు చెప్పారని ప్రతీతి. ఆయన రాతకు ముగింపు ఆయన జీవితంతోనే వచ్చింది. అయితే ఒక సంగతి గమనించండి. ఆయన పాడినంత మాత్రాన అవి మనదాకా రాలేదు. ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యులు పూనుకుని రాగిరేకుల మీద చెక్కించబట్టి, ఆ రేకులు గుడిలోని సంకీర్తన భండారంలో భద్రంగా ఉండబట్టి, ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగార్ల వంటి పండితులు పరిష్కరించబట్టి వచ్చాయి. అయినా దొరికినవి సగానికి తక్కువే. ఇక ఆయన భార్య తిమ్మక్కగారు “సుభద్రా కల్యాణం” రాశారు. తెలుగులో తొలి కవయిత్రి అని ఆమెను చెప్పుకుంటాం. ఆమె పేరుమీద మనకు దక్కిన రచన అదొక్కటే. ఒకరు రాస్తే సరిపోదు, దాచేవాళ్ళు మరొకరు ఉండాలన్నమాట.

రెండోవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరారు. తిరుపతి, కడప మీదుగా వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న మళ్ళీ మద్రాసు చేరారు. దారి పొడుగునా చూసిన ఊళ్ళు, సత్రాలు, దొరికే సరుకులు అన్నీ రాసిపెట్టారు. ఇల్లు చేరగానే ఆ రాత కూడా ముగిసింది. యాత్ర కోసం రాసిన రాత యాత్రతో ముగిసింది. దిగులు పడవలసినదేముంది? 1836లో ఆయన పోయాక, 1838లో అది పుస్తకంగా అచ్చయింది.

మూడోవారు పుదుచ్చేరిలో ఫ్రెంచివారి దగ్గర దుబాసీగా ఉన్న ఆనంద రంగపిళ్ళ. 1736లో మొదలుపెట్టి 1761లో కన్నుమూసేదాకా తమిళంలో దినచర్య రాశారు. వ్యాపారం, రాజకీయం, ఇంటి సంగతులు, ఎవరు ఎవరితో ఏమన్నారో అన్నీ అందులో రాశారు. అచ్చు వేయించుకోవాలని రాసినవి కావవి. 1846లో ఆ పుస్తకాలు బయటపడ్డాయి. తర్వాత 1904 నుంచి 1928 వరకు ఇంగ్లీషులో పన్నెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. తన కోసం రాసుకున్న మాటల్ని పోయిన ఎనభై అయిదేళ్ళకు పరాయివాళ్ళు వెలికితీస్తారని ఆయన కలగని ఉంటారా?

ఇక మన కాలానికి చెందినవారు మాలతీ చందూర్‌గారు. “ఆంధ్రప్రభ” వారపత్రికలో ఆమె శీర్షిక “ప్రమదావనం” 1950ల తొలినాళ్ళలో మొదలై నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది. వంటల దగ్గర నుంచి కాపురంలోని చిక్కుల దాకా ఎన్ని ప్రశ్నలకు జవాబులు చెప్పారో! అంతటి శీర్షికకూ ఒక ఆఖరి వారం వచ్చింది. అయినా ఆమె కలం ఆగిపోలేదు. ఇంగ్లీషు నవలలను “పాత కెరటాలు” పేరుతో “స్వాతి”లో పరిచయం చేశారు. ఒక శీర్షిక ముగిసిందంటే మనిషి ముగిసినట్టు కాదని ఆమెను చూసి నేర్చుకున్నాను.

మరి మన పుస్తకాల సంగతి చూద్దాం. నేను నా డైరీలన్నీ కిందికి దించి, పగటిపూట గంట చొప్పున చదువుకుంటూ మూడు భాగాలుగా విడదీశాను. నాలుగు నెలలు పట్టింది.

మొదటి భాగం ఇంటికి పనికొచ్చేది. పిల్లలకు ఏ ఏట ఏ జబ్బు చేసింది, ఏ మందు పడలేదు, ఇంట్లో ఎవరికి చక్కెర ఎన్నో ఏట బయటపడింది, ఇవన్నీ రేపు డాక్టరు అడిగే ప్రశ్నలు. ఎవరి పెళ్ళికి ఎంత చదివించాం, ఏ నగ ఎప్పుడు ఎలా వచ్చింది అన్నవి కూడా అంతే. మా అవ్వ చెప్పిన ఊరిబిండి కొలతలు, మామిడితాండ్ర ఎండబెట్టే పద్ధతి అక్కడక్కడ చెదిరి ఉన్నాయి. వీటన్నిటినీ రెండు వందల పేజీల నోటుపుస్తకంలో తేదీల ప్రకారం ఎత్తి రాశాను. అది మా అమ్మాయికి నేనిచ్చిన వాయనం.

రెండో భాగం ఊరికి పనికొచ్చేది. వానలు, ధరలు, నీళ్ళ కరువు, గంగమ్మ జాతరకు ఎవరెవరు ఏ వేషాలు వేశారు అనే సంగతులు. “ఇవెవరికి కావాలి?” అని తీసిపారేయకండి. రాజుల సంగతి శాసనాల్లో ఉంటుంది గాని, ఫలానా ఏడు ఎండాకాలంలో ఒక ఇల్లాలు బిందె నీళ్ళకు ఎంతసేపు నిలుచుందో ఏ శాసనమూ చెప్పదు. ఇలాంటి పేజీలున్న డైరీలను పొడిగా ఉండే చోట, ఎండిన వేపాకు వేసి, గుడ్డసంచిలో కట్టి ఉంచాను. ఏడాదికొకసారి నీడలో ఆరబెడితే మంచిది.

మూడో భాగం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అది ఇతరులు నన్ను నమ్మి చెప్పుకున్న మాటలు.

మీకూ తెలుసు కదా, మధ్యాహ్నం వేళ ఇరుగుపొరుగు ఆడవాళ్ళు బియ్యం ఏరుకుంటూ ఎన్ని చెప్పుకుంటారో. మా వీధిలో ఒకామె 1990ల్లో దాదాపు రెండేళ్ళపాటు, ఒంటిమీది దెబ్బలు పైటకొంగుతో కప్పుకుని మా ఇంటికి వచ్చేది. “నీ కడుపులో పెట్టుకో అక్కా, ఎవరికీ చెప్పొద్దు” అనేది. నేనెవరికీ చెప్పలేదు. కాని ఆ బరువు మొయ్యలేక డైరీలో రాసుకున్నాను. ఆమె ఇప్పుడు లేదు. ఆమె పిల్లలు మంచి స్థితిలో ఉన్నారు, తండ్రి ఫోటోకూ తల్లి ఫోటోకూ పక్కపక్కనే దండ వేస్తున్నారు. ఆ పేజీలు ఏం చెయ్యాలి?

ఈ మాట మా అమ్మాయితో అన్నాను. బెంగుళూరు నుంచి పండక్కి వచ్చి ఉంది.

“చించొద్దమ్మా” అంది. “నువ్వు రాసిందంతా నాకు కావాలి. అందులో నువ్వున్నావు.”

“నేనొక్కదాన్నే లేను కదమ్మా. నా మాటలైతే నీకిస్తాను. ఆమె మాటలు నీకివ్వడానికి నేనెవరిని?”

అది ఊరుకోలేదు. “ఆడవాళ్ళ కష్టాలన్నీ ఇట్లా చించుకుంటూ పోతే, రేపు ఎవరైనా ఆ కాలంలో కష్టాలే లేవనుకుంటారు. అందరూ సుఖంగా ఉన్నారనుకుంటారు. అది మాత్రం న్యాయమా?”

ఆ మాటకు నేను చాలా రోజులు జవాబు వెతుక్కున్నాను. అమ్మాయి చెప్పినదాంట్లో నిజముంది. ఒక మనిషి నమ్మకం, తర్వాతి కాలం తెలుసుకోవలసిన సత్యం రెండూ విలువైనవే. ఒకదాని కోసం ఇంకొకదాన్ని తేలిగ్గా వదులుకోలేం.

చివరికి ఇట్లా చేశాను. నా పుస్తకాల్లో కష్టం చెప్పుకున్నవాళ్ళలో ఇద్దరు బతికున్నారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, “మీ సంగతి నేను రాసిపెట్టుకున్నాను, ఏం చెయ్యమంటారు?” అని అడిగాను. ఒకామె చెయ్యి పట్టుకుని “తీసెయ్ వదినా, ఇంకెందుకు” అంది. రెండో ఆమె కాసేపు ఆలోచించి, “ఉండనీ. నేనెట్లా గట్టెక్కానో నా మనవరాలికి తెలియాలి” అని, ఆ పేజీలు అడిగి తీసుకుంది. చూశారా, ఒకే వీధి, ఒకే ఈడు, ఇద్దరివి రెండు మనసులు. అడగకుండా నేనే తేల్చేసి ఉంటే ఎవరో ఒకరికి అన్యాయం జరిగేది.

చనిపోయిన ఆమెను అడగలేను. ఆమె అనుభవించినదాన్ని ఊరు, పేరు, ఆనవాలు ఏదీ లేకుండా “ఒక ఇల్లాలు” అని మాత్రం వేరే కాగితం మీద రాసి ఉంచాను. ఆ రోజుల్లో ఎక్కడికీ పోలేక, పుట్టింటికీ చెప్పుకోలేక ఒక మనిషి ఎలా బతికిందో అందులో ఉంది. అసలు పేజీలు మాత్రం తీసేశాను. ఇదే సరైనదని మీరందరూ ఒప్పుకోకపోవచ్చు. ఆమె చెప్పిన ఒక్క మాటనూ, మా అమ్మాయి అడిగిన ఒక్క ప్రశ్ననూ రెండింటినీ నిలబెట్టే దారి నాకు ఇదొక్కటే కనిపించింది.

తీసేసిన కాగితాలను కాల్చడానికి మనసొప్పలేదు. మా అవ్వ చేసినట్టు, వాటిని రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, మెంతులతో కలిపి మెత్తగా రుబ్బి, పాత చేటకు రెండు పక్కలా పూసి ఆరబెట్టాను. మన గంగమ్మ జాతరలో ఆఖరున ఏం చేస్తారో గుర్తుందా? మట్టితో అంత శ్రద్ధగా తీర్చిన అమ్మవారి విశ్వరూపాన్ని తెల్లవారేసరికి తొలగించి, ఆ మట్టిని భక్తులకు పంచిపెడతారు. తలా ఒక చిటికెడు తీసుకుని ఇళ్ళకు పోతాం. పూర్తయినదాన్ని కళ్ళకద్దుకుని పంచుకోవడం మనకు కొత్త కాదు.

ఇంకొక్క సంగతి. మీ సొంత కోపతాపాలు రాసుకున్న పేజీలను మాత్రం తొందరపడి చించకండి. 1987లో మా అత్తగారి మీద నేను రాసుకున్న మాటలు ఇప్పుడు చదివితే ఒళ్ళు మండిపోతోంది. మంట ఆమె మీద కాదు, ఆ రోజుల మీద. కాని 2009లో ఆమె మంచాన పడ్డప్పుడు, నేను తల దువ్వుతుంటే “నీ చెయ్యి మా అమ్మ చెయ్యిలా ఉందే” అన్న రోజు కూడా రాసి ఉంది. మొదటిది చించితే రెండోదానికి విలువ లేదు. రెండోది లేకుండా మొదటిది మిగిలితే ఆమెకు న్యాయం లేదు. రెండూ ఉంచాను. ఉంచితే రెండు పక్కలా ఉంచాలి.

ఇక ఆఖరి పేజీ. చాలామంది డైరీలు ఎక్కడో మధ్యలో ఆగిపోతాయి. జూన్ దాకా రాసి, తర్వాత తెల్ల కాగితాలు. అట్లా వదిలేస్తే ఆ తెల్ల పేజీలు చూసినప్పుడల్లా ఏదో బాకీ పడ్డట్టుంటుంది. కాబట్టి ఒక రోజు చూసుకోండి. సంవత్సరం ఆఖరు కావచ్చు, ఉగాది ముందురోజు కావచ్చు. ఇంతటితో ముగిస్తున్నానని స్పష్టంగా రాసి, తేదీ వేసి, సంతకం పెట్టండి. పెద్ద మాటలు అక్కర్లేదు. నా ఆఖరి పేజీలో ఉన్నది ఇంతే: “ఆదివారం. పెరుగు తోడు పెట్టాను. ఆయనకు పేపరు చదివి వినిపించాను. ఇన్నేళ్ళూ నా మాట విన్న పుస్తకానికి నమస్కారం. రేపటి నుంచి రాయను.”

మర్నాడే హాయిగా ఉంటుందని మాత్రం చెప్పను. తొమ్మిది కొట్టేసరికి చెయ్యి దానంతటదే పెన్ను కోసం వెతుకుతుంది. దాదాపు నలభై రోజులు నాకు, రాయని రోజు అసలు గడవనే లేదన్నట్టు, తలుపు గడియ పెట్టకుండా పడుకున్నట్టు ఉండేది. పగలు ఏదైనా వింత జరిగితే “రాత్రికి రాయాలి” అనుకుని, అంతలోనే గుర్తొచ్చి ఊరుకునేదాన్ని. అందుకని ఆ గంటను ఖాళీగా ఉంచకండి. మనిషితో నింపండి. ఇంట్లో మనిషి లేకపోతే దూరాన ఉన్న చెల్లెలికి ఫోను చెయ్యండి. ఇప్పుడు మా ఇంట్లో తొమ్మిది గంటలకు పేపరు చదవడం సగంలోనే ఆగిపోయి, మాటల్లో పడిపోతున్నాం. ముప్ఫయ్యెనిమిదేళ్ళ కాపురంలో ఆయన నాకు చెప్పని సంగతులు ఇన్ని ఉన్నాయని నాకిప్పుడే తెలుస్తోంది.

రాస్తున్నవాళ్ళను ఆపమని నేను చెప్పడం లేదు సుమండీ! మనసుకు ఊరటగా ఉన్నంతకాలం నిక్షేపంగా రాసుకోండి. ఆపాలని ఏనాడైనా తోస్తే, దొంగతనంగా పక్కకు నెట్టకుండా మర్యాదగా ముగించండి. మీ అలమర పై అరలో అటువంటి పుస్తకం ఉన్నట్లయితే ఈ వారంలో ఒకసారి కిందికి దించి చూడండి. అందులో మీకు మనసు విప్పి చెప్పుకున్నవాళ్ళెవరైనా బతికి ఉంటే, వాళ్ళ ఇంటికి ఒక పూట వెళ్ళి రండి. ఆ పేజీలు ఉంచమంటారో తీసెయ్యమంటారో వాళ్ళనే అడగండి.